ఎక్కించిన నెత్తురు ఎటు పోతోంది?

హాలహర్వి మండలంలో డెబ్బై దాటిన మనిషి నాలుగడుగులకే ఆయాసపడుతుంటే ఇంట్లోవాళ్లకు తోచే దారులు రెండు. ఆలూరు మీదుగా ఆదోనికి పోవడం, లేదంటే హగరి దాటి బళ్లారికి పోవడం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లా నుంచి విడివడి ఇటు కలిశాయి. జబ్బు చేస్తే బళ్లారికి బండెక్కే అలవాటు మాత్రం పోలేదు. ఏ దారిన పోయినా మొదటిరోజే తేలేది ఒకటే: రక్తం ఐదు పాయింట్లే ఉంది. రెండు సీసాలు ఎక్కిస్తారు, ఐరన్ మాత్రలు రాస్తారు. మనిషి తేరుకుని ఇంటికొస్తాడు. మూడు నాలుగు నెలలకు మళ్లీ అదే ఆయాసం. ఈసారి రెండో ఊరు, కొత్త డాక్టరు, మళ్లీ రెండు సీసాలు. గోడకు తగిలించిన ప్లాస్టిక్ కవరులో రిపోర్టులు మాత్రం పెరుగుతుంటాయి. ఒక ఊరి కాగితాలు ఇంకో ఊళ్లో బయటికి తీసేవాళ్లు తక్కువ.

ఎక్కించిన నెత్తురు ఎటు పోతోందన్న ప్రశ్న చాలాసార్లు ఎవరూ వేయరు. వేసినా, గొట్టం పరీక్ష ఒకసారి చేసి 'లోపల ఏమీ లేదు' అని రాసిచ్చాక అక్కడితో ఆగిపోతుంది. పెద్దవయసులో కడుపు, పేగుల రక్తనాళాల్లో వచ్చే కొన్ని అరుదైన లోపాలకు ఉన్న గుణమే అది: వెతికే వేళకు అవి కనపడవు. అందుకే ఆ 'ఏమీ లేదు' అన్న మాటను వైద్యులూ, ఇంటివాళ్లూ ఆఖరి మాటగా తీసుకోకూడదన్నది ఈ వ్యాసంలో నా వాదన.

ముందు తరచుగా వచ్చే కారణాల సంగతి చెప్పాలి, లేకపోతే అరుదైనవాటి వెంటపడి ఎదురుగా ఉన్నది వదిలేస్తాం. ఈ ప్రాంతంలో వేరుశనగ, పత్తి చేలల్లో నడుములు విరిగినవాళ్లు, ఎమ్మిగనూరు మగ్గాల మీద మోకాళ్లు అరిగినవాళ్లు నొప్పి మాత్రలూ సూదులూ లేకుండా గడపలేరు. ఆ మందుల వల్ల, హెచ్. పైలోరీ క్రిమి వల్ల వచ్చే కడుపు పుండే ఇప్పటికీ మొదటి ముద్దాయి. కాలేయం చెడి అన్నవాహికలో ఉబ్బిన సిరలు, కడుపులోనో పెద్దపేగులోనో పెరిగే క్యాన్సర్, కొంకిపురుగులు, మొలలు ఆ తర్వాత వస్తాయి. ఇవన్నీ చూసి, పైనుంచి ఎండోస్కోపీ, కిందినుంచి కొలనోస్కోపీ రెండూ చేసినా మూలం దొరకని రక్తస్రావాలు నూటికి 5 నుంచి 10 దాకా ఉంటాయి. వాటిలో ఎక్కువభాగం చిన్నపేగులో దాగి ఉంటాయి. పెద్దవయసువాళ్లలో అక్కడ దొరికేది ఎక్కువగా రక్తనాళాల లోపమే.

రక్తం కంటికి కనపడకుండానే మనిషి ఐదు పాయింట్లకు ఎలా దిగజారతాడని కుటుంబాలు అడుగుతాయి. లెక్క చిన్నదే. ఒక మిల్లీలీటరు రక్తంలో దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. మన పేగు తిండినుంచి రోజుకు పీల్చుకోగలిగేది ఒకటి రెండు మిల్లీగ్రాములు. రోజుకు పది మిల్లీలీటర్లు, అంటే రెండు టీస్పూన్ల నెత్తురు పేగులోకి కారితే ఐదు మిల్లీగ్రాముల ఇనుము పోయినట్టే. రెండు స్పూన్ల నెత్తురుతో మలం రంగు మారదు. నల్లగా తారులా రావాలంటే ఒక్కసారిగా 50 మిల్లీలీటర్లకు పైనే కారాలి. రోజూ జొన్నరొట్టె, ఆకుకూర తింటున్నా, నెలల తరబడి ఆదాయం రెండు, ఖర్చు ఐదు అయితే నిల్వ ఎన్నాళ్లు ఉంటుంది? 'సరిగ్గా తినకపోవడం వల్లే' అని కోడలిని తప్పుపట్టే ఇళ్లలో ఈ లెక్క ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

నల్లగా వచ్చినప్పుడైనా కనిపెడుతున్నామా అంటే అదీ లేదు. 'బయటికి పోయినప్పుడు నల్లగా వస్తాందా అవ్వా?' అని అడిగితే, 'ఆ మాత్రలు మింగితే నల్లగానే పోతాదని చెప్పినారు కదా నాయనా' అంటుంది అవ్వ. ఆమె మాట నిజమే, ఐరన్ మాత్రలకు మలం నల్లబడుతుంది. కానీ ఆ నలుపు గట్టిగా, కాస్త ఆకుపచ్చ ఛాయతో ఉంటుంది. నెత్తురు కలిసిన నలుపు బంకగా, మెరుస్తూ, నీళ్లు పోసినా వదలకుండా, మామూలుగా ఎప్పుడూ రాని దుర్వాసనతో ఉంటుంది. 'బంకగా ఉందా, వాసన మారిందా' అని రెండో ప్రశ్న వేసేదాకా జవాబు రాదు. మిరప కోతలప్పుడు ఇంట్లో వయసువాళ్లంతా సుగ్గికి గుంటూరు వైపు పోతే, ఊళ్లో మిగిలేది ముసలివాళ్లూ చిన్నపిల్లలే. ఆ నెలల్లో అవ్వ నీరసాన్ని చూసేదెవరు? పడమటి కర్నూలులో ఈ జబ్బు ఆలస్యంగా బయటపడటానికి వలస కూడా ఒక కారణమని నా నమ్మకం.

ఇక ఆ రక్తనాళాల సంగతి. అన్నిటికంటే ఎక్కువగా కనపడేది యాంజియోడిస్ప్లేసియా. పేగు లోపలి పొర కిందే సన్నని నాళాలు ఉబ్బి, మెలికలు తిరిగి, కొన్ని మిల్లీమీటర్ల ఎర్రటి మచ్చలా ఉంటాయి. అరవై దాటినవాళ్లలో, ఎక్కువగా పెద్దపేగు మొదట్లో, కుడివైపున వస్తాయి. కుడివైపే ఎందుకన్నదానికి న్యూయార్క్ సర్జన్ స్కాట్ బోలీ బృందం 1977లో ఒక వివరణ ఇచ్చింది. పేగు కండరం ముడుచుకున్నప్పుడల్లా దాని గుండా పోయే చిన్న సిరలు కాసేపు మూసుకుపోతాయి. ధమనుల్లోంచి నెత్తురు వస్తూనే ఉంటుంది, బయటికి దారి ఉండదు. దశాబ్దాల పాటు ఇలా జరిగి సిరలు సాగి, చివరికి ధమనికీ సిరకూ మధ్య ఉండాల్సిన అడ్డు పోతుంది. పెద్దపేగులో అన్నిటికంటే వెడల్పు భాగం మొదలే కాబట్టి గోడమీద బిగువు అక్కడే ఎక్కువ. ఈ మచ్చలు ఉన్న అందరికీ రక్తం కారదు. కారినా పదింట తొమ్మిదిసార్లు దానంతట అదే ఆగుతుంది. నెలలు పోయాక మళ్లీ మొదలవుతుంది. కిడ్నీలు చెడి డయాలిసిస్ మీద ఉన్నవాళ్లలోనూ, గుండెలో ఒక వాల్వు బిగుసుకుపోయినవాళ్లలోనూ ఇది ఎక్కువ.

ఆ వాల్వు సంగతి దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడాలి. ఎందుకంటే ఖరీదైన యంత్రాలు లేనిచోట కూడా, చెవిలో స్టెతస్కోపు ఉన్న ఏ వైద్యుడైనా పట్టుకోగలిగింది ఇదొక్కటే. 1958లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం నుంచి ఎడ్వర్డ్ హైడ్ అనే వైద్యుడు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌కు ఒక చిన్న ఉత్తరం రాశాడు. బృహద్ధమని వాల్వు సున్నం పేరుకుని ఇరుకైపోయిన ముసలివాళ్లలో, కారణం దొరకని పేగు రక్తస్రావం కనీసం పదిమందిలో చూశానన్నది అందులో సారం. గుండె వాల్వుకూ పేగులో నెత్తురుకూ సంబంధమేమిటో ఆయనకు తెలియదు. చూసింది చూసినట్టు రాశాడంతే. చాలాకాలం కొందరు దాన్ని కాకతాళీయమనే కొట్టిపారేశారు.

సంబంధం నెత్తురులోనే ఉంది. రక్తం గడ్డకట్టడానికి ఫాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే పొడవాటి ప్రోటీన్ గొలుసులు కావాలి. ఫిన్లాండ్ వైద్యుడు ఎరిక్ ఫాన్ విల్లెబ్రాండ్ 1926లో వివరించిన వంశపారంపర్య రక్తస్రావ జబ్బు వల్ల దానికి ఆ పేరు వచ్చింది. గొలుసు ఎంత పొడవైతే ప్లేట్‌లెట్లను అంత బాగా పట్టుకుంటుంది. తుంగభద్ర దిగువ కాలువ తూము ముక్కాలు భాగం మూసుకుపోతే మిగిలిన సందులోంచి నీళ్లు ఎంత జోరుగా దూకుతాయో, ఇరుకైన వాల్వులోంచి నెత్తురు అంత జోరుగా దూకుతుంది. ఆ రాపిడికి చుట్టుకుని ఉన్న గొలుసులు సాగి విప్పుకుంటాయి. విప్పుకున్నవాటిని నెత్తురులో ఉండే ఒక ఎంజైము ముక్కలు చేస్తుంది. పొట్టి ముక్కలు మిగులుతాయి, అవి పనికిరావు. ఫ్రాన్సులోని లీల్ నగర వైద్యులు 2003లో ప్రచురించిన పరిశోధనలో, వాల్వు బాగా ఇరుకైన రోగుల్లో 21 శాతం మందికి చర్మం మీదో లోపలి పొరల్లోనో రక్తస్రావం ఉన్నట్టు తేలింది. వాల్వు మార్చిన మొదటిరోజుకే పొడవు గొలుసులు తిరిగి కనపడ్డాయి. వాల్వు మార్చాక, పేగులో పాత మచ్చలు ఉన్నచోటే ఉన్నా నెత్తురు ఆగుతుందంటే కారణం ఇదే. ఈ సంగతి తెలియని రోజుల్లో సర్జన్లు పెద్దపేగు కుడిభాగం కోసి తీసేసేవారు. కొన్నాళ్లకు చిన్నపేగులోంచి మళ్లీ కారేది.

మామూలు గడ్డకట్టే పరీక్షలు, ప్లేట్‌లెట్ల లెక్క, అన్నీ ఈ రోగిలో సరిగ్గానే ఉంటాయి. పట్టించేది గుండె చప్పుడు. రొమ్ము ఎముకకు కుడిపక్క పైభాగాన స్టెతస్కోపు పెడితే గరగరమని పెద్ద శబ్దం, అది మెడదాకా పాకుతుంది. మెడ దగ్గర నాడి మెల్లగా, బలహీనంగా లేస్తుంది. మనిషి మెట్లెక్కితే కళ్లు తిరిగి పడిపోయి ఉండొచ్చు. ఇక్కడే ఒక చిక్కుంది. రక్తహీనత బాగా ఉన్నప్పుడు మంచి గుండెలో కూడా చిన్న శబ్దం వస్తుంది. దాంతో 'రక్తం తక్కువ కాబట్టి శబ్దం, రక్తం తక్కువ కాబట్టి ఆయాసం' అని రెండింటినీ ఒకే ఖాతాలో రాసి దాటేస్తారు. రక్తం ఎక్కించాక కూడా శబ్దం పోలేదంటే ఎకో తీయించాలి. కారణం తెలియని రక్తహీనతతో పదేపదే వచ్చే పెద్దవాళ్లకు ఎకో రాయడం ఆదోని స్థాయి ఆసుపత్రుల్లో మామూలు అలవాటు కావాలని నేను గట్టిగా కోరుకుంటాను. అది గంటలో అయిపోయే పరీక్ష. ఇంకో మాట: అలాంటి గుండెకు రెండు సీసాలు ఒకేసారి వేగంగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కాబట్టి రక్తం ఎక్కించే ముందే గుండె వినడం మంచిది.

వాల్వు మార్చడానికి ఇప్పుడు ఛాతీ కోయక్కర్లేదు. ఫ్రాన్సులోని రువాన్‌లో అలాన్ క్రిబియె 2002లో తొడ దగ్గరి నాళం గుండా వాల్వు ఎక్కించి చూపించాక ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది, హైదరాబాదుకూ వచ్చింది. ఖర్చు లక్షల్లో. ఆపరేషన్ చేసేవాళ్లకు పేగు సంగతి ముందే చెప్పాలి. లోహపు వాల్వు పెడితే జీవితాంతం రక్తం పలుచన చేసే మాత్రలు మింగాలి, నెత్తురు కారే మనిషికి అది కొత్త ఆపద. ఇక కీళ్లవాతంతో చిన్నప్పుడే వాల్వు చెడి, లోహపు వాల్వుతో ముసలితనానికి వచ్చినవాళ్లు మన పల్లెల్లో ఉన్నారు. స్టెంటు వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మింగేవాళ్లు ఇంకా ఎక్కువ. మలం నల్లగా వచ్చిందని ఆ మాత్రలు సొంతంగా ఆపేయకూడదు. వాల్వో స్టెంటో గడ్డకట్టి పూడుకుపోతే ప్రాణం అక్కడికక్కడే పోవచ్చు. ఏది ఆపాలో, ఎన్నాళ్లు ఆపాలో గుండె డాక్టరే చెప్పాలి.

డ్యూలఫాయ్ లోపం తీరు యాంజియోడిస్ప్లేసియాకు పూర్తిగా వేరు. నెలల తరబడి బొట్టుబొట్టుగా కారడం అందులో లేదు. నొప్పి లేదు, ముందు సూచన లేదు. ఒక రాత్రి మనిషి గిన్నెడు నెత్తురు కక్కుతాడు. పారిస్ వైద్యుడు జార్జ్ డ్యూలఫాయ్ 1898లో దీన్ని వివరించాడు. మామూలుగా ధమని కడుపు గోడలోకి వచ్చేకొద్దీ సన్నబడి వెంట్రుకంత అవుతుంది. కొందరిలో అది సన్నబడకుండా ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల మందంతోనే లోపలి పొర కిందికి వచ్చి నిలుస్తుంది. వయసు మీద పడి పొర పలచబడినచోట ఒకనాడు చిట్లుతుంది. ఎక్కువగా అన్నవాహిక కడుపులో కలిసే చోటుకు ఆరు సెంటీమీటర్ల లోపలే ఉంటుంది. వెతికే వైద్యుడు గడ్డలను నీళ్లతో కడిగి, గాలి నింపి, మడత మడత విప్పి చూస్తుంటే ఒకచోట గుండుసూది మొనంత రంధ్రంలోంచి, గుండె కొట్టుకున్నప్పుడల్లా సన్నటి ఎర్రని ధార చిమ్ముతుంది. చుట్టూ పుండు లేదు, వాపు లేదు. చూస్తుండగానే ధార ఆగిపోవచ్చు, ఆగితే ఆ చోటు ఎక్కడో చెప్పడం కష్టం. అందుకే మొదటి పరీక్షలో దొరకనివి చాలా ఉంటాయి. రక్తం కక్కిన 24 గంటల్లోపు చూడాలి, దొరక్కపోతే మళ్లీ చూడాలి. దొరికితే క్లిప్పు వేస్తారు, లేదా రబ్బరు రింగుతో బిగిస్తారు. ఆ పక్కనే చుక్క మందు సిరా వేసి గుర్తు పెట్టడం మంచి పద్ధతి, మళ్లీ కారితే నేరుగా అక్కడికే పోవచ్చు. ఒకప్పుడు ఇది పట్టినవాళ్లలో అధికశాతం మంది చనిపోయేవారు. ఇప్పుడు ఎండోస్కోపీ అందినవాళ్లలో ఎక్కువమంది బతుకుతున్నారు. హాలహర్వి నుంచి కర్నూలు వంద కిలోమీటర్లకు పైమాటే. ఆ దారిలో గడిచే గంటలు ఈ జబ్బులో ఎంత విలువైనవో చెప్పక్కర్లేదు.

పుచ్చకాయ కడుపు అనే పేరున్న జబ్బు కూడా ఎండోస్కోపీలో కనపడుతూనే తప్పిపోతుంది. కడుపు కిందిభాగంలో ఎర్రటి చారలు పేగులోకి తెరుచుకునే ద్వారం వైపు పోతుంటాయి. 1953లో మొదట వర్ణించారు, 1984లో ఈ పేరు స్థిరపడింది. పెద్దవయసు ఆడవాళ్లలో, కాలేయం గట్టిపడినవాళ్లలో, స్క్లిరోడెర్మా అనే చర్మవ్యాధి ఉన్నవాళ్లలో ఎక్కువ. దీన్ని గ్యాస్ట్రైటిస్ అని రాసేసి ఏళ్లకేళ్లు గ్యాస్ మాత్రలు ఇవ్వడం మామూలుగా జరిగే పొరపాటు. మాత్రలకు ఇది లొంగదు. ఆర్గాన్ వాయువుతో కాల్చాలి, లేదా రింగులు వేయాలి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్న ఆడవాళ్లలో నెలలకో, ఏళ్లకో పురీషనాళంలో పెళుసు నాళాలు పుట్టి ఎర్రటి నెత్తురు పడుతుంది. వీళ్లను మొలల వైద్యుల దగ్గరికి తీసుకుపోతారు. కరెంటు తగిలిన ఆ గోడలో మొలల సూది వేస్తే, చివరికి ముక్క తీసినా సరే, మానని పుండు పడుతుంది. యోనికీ పురీషనాళానికీ మధ్య దారి ఏర్పడే ప్రమాదమూ ఉంది. పదేళ్ల కిందటి కరెంటు వైద్యం సంగతైనా డాక్టరుకు ముందుగా చెప్పాలి.

చిన్నప్పటినుంచి ముక్కులోంచి నెత్తురు కారే అలవాటున్న మనిషికి యాభై దాటాక రక్తహీనత వస్తే పెదవులు, నాలుక తిప్పి చూడాలి. అక్కడ చిన్న ఎర్రటి చుక్కలు ఉంటే అది ఆస్లర్-వెబర్-రాండ్యూ వ్యాధి కావచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ఒక్కో బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం ఉన్న జబ్బు ఇది. తోబుట్టువుల ముక్కుల సంగతి కూడా అడిగితే సగం నిర్ధారణ అయినట్టే.

నెత్తురు అందక పెద్దపేగు దెబ్బతినడం నిజానికి అంత అరుదు కాదు. నలభై డిగ్రీలు దాటే మా ఎండల్లో నీళ్లు సరిగా తాగని ముసలివాళ్లకు, బీపీ మాత్రలూ మూత్రం మాత్రలూ వేసుకుంటూ వాంతులు విరేచనాలు పట్టుకున్నవాళ్లకు బీపీ పడిపోతే ఇది రావచ్చు. ముందు ఎడమపక్క కడుపునొప్పి, ఒకరోజులోపే నెత్తురు విరేచనం. జిగట విరేచనాలనుకుని మాత్రలిచ్చి పంపేస్తారు. చాలామందికి సెలైన్‌తో, విశ్రాంతితో తగ్గిపోతుంది. నొప్పి కుడివైపు ఉన్నా, కడుపు రాయిలా బిగుసుకున్నా ఆ రాత్రే పెద్దాసుపత్రికి పోవాలి.

అన్నిటికంటే అరుదు, అన్నిటికంటే భయంకరం బృహద్ధమనికీ పేగుకీ మధ్య రంధ్రం పడటం. ఆస్ట్లీ కూపర్ 1829 నాటికే దీన్ని వర్ణించాడు. చిన్నపేగు మొదట్లో ఉండే డ్యుయోడినం మూడో భాగం సరిగ్గా బృహద్ధమని ముందునుంచి పోతుంది. అక్కడ ధమని ఉబ్బి ఉన్నా, ఉబ్బుకు కృత్రిమ నాళం వేసి ఉన్నా, రాపిడికి రంధ్రం పడవచ్చు. మొదట కొంచెం నెత్తురు వచ్చి ఆగుతుంది. కొన్ని గంటలకో కొన్ని రోజులకో ఒక్కసారిగా వరదలా వస్తుంది. మామూలు ఎండోస్కోపీ డ్యుయోడినం రెండో భాగం దాటి పోదు, కాబట్టి 'ఏమీ లేదు' అన్న రిపోర్టు ఇక్కడ నమ్మదగ్గది కాదు. కడుపులో ధమనికి ఎప్పుడైనా ఆపరేషన్ అయిన మనిషి కాస్త నెత్తురు కక్కినా వెంటనే సీటీ యాంజియో తీయాలి.

సీటీ యాంజియోలో కారే చోటు కనపడాలంటే నిమిషానికి దాదాపు అర మిల్లీలీటరు కారుతుండాలి. ఆదోని నుంచి కర్నూలు చేరేలోపు నెత్తురు ఆగితే సీటీ శుభ్రంగా వస్తుంది. చిన్నపేగు చూడటానికి మింగే క్యాప్సూల్ కెమెరా ఉంది. ఇజ్రాయెల్ ఇంజినీరు గావ్రియెల్ ఇద్దాన్ కనిపెట్టిన ఆ గుళిక 2001లో అమెరికాలో అనుమతి పొందింది. 26 మిల్లీమీటర్ల పొడవు, దాదాపు ఎనిమిది గంటల్లో యాభైవేలకు పైగా ఫొటోలు తీస్తుంది. అదే ఏడాది జపాన్ వైద్యుడు హిరొనోరి యమమొతొ రెండు బెలూన్ల గొట్టంతో చిన్నపేగు లోతుల్లోకి పోయి వైద్యం కూడా చేసే పద్ధతి ప్రచురించాడు. హైదరాబాదులో నాగేశ్వరరెడ్డి స్థాపించిన ఏఐజీలో ఈ రెండూ ఉన్నాయి. అయితే క్యాప్సూల్ బాగా పనిచేసేది నెత్తురు కారిన రెండు మూడు రోజుల్లోపే. అప్పు పుట్టించుకుని, పత్తి అమ్ముకుని, నెల తర్వాత హైదరాబాదు పోతే మచ్చ కనపడే అవకాశం బాగా తగ్గిపోతుంది. డబ్బు పెట్టేముందు ఇది తెలిసి ఉండాలి. చాలామందికి క్యాప్సూల్ కంటే ముందు చేయాల్సింది, నింపాదిగా రెండోసారి ఎండోస్కోపీ, కొలనోస్కోపీ. మొదటిసారి గడ్డల మధ్య తప్పిపోయినవి రెండోసారి దొరకడం వైద్యులందరికీ తెలిసిన విషయమే.

మచ్చలు చాలాచోట్ల ఉండి కాల్చలేనివాళ్లకు మందులున్నాయి. నెలకోసారి వేసే ఆక్ట్రియోటైడ్ సూది కొందరికి రక్తం ఎక్కించే అవసరం తగ్గిస్తుంది. 2023లో చైనా వైద్యులు 150 మంది మీద చేసిన పరీక్షలో థాలిడోమైడ్ నాలుగు నెలలు వాడాక, తర్వాతి ఏడాదిలో రక్తస్రావాలు సగానికి సగం తగ్గినవాళ్లు రోజుకు 100 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లలో 68.6 శాతం, 50 మిల్లీగ్రాముల వాళ్లలో 51 శాతం, ఉత్త మాత్ర వాళ్లలో 16 శాతం. గర్భస్థ శిశువులను వికలాంగులుగా చేసిన పేరున్న మందు అది. పిల్లలు పుట్టే వయసువాళ్లున్న ఇంట్లో జాగ్రత్తగా దాచాలి. షుగరుతో ఇప్పటికే అరికాళ్లు మొద్దుబారినవాళ్లకు ఇవ్వకపోవడమే నయం.

ఎనభై ఐదేళ్ల మనిషిని ఎక్కడెక్కడికో తిప్పాలా అని కొడుకులు అడిగితే, అక్కర్లేదని చెప్పే సందర్భాలు ఉన్నాయి. పుండూ క్యాన్సరూ లేవని తేలి, గుండె వాల్వు చూసుకుని, నొప్పి మాత్రలు మాన్పించాక, రక్తం కొద్దికొద్దిగా తగ్గే మనిషికి సెలైన్‌లో ఎక్కించే ఐరన్ మంచి వైద్యమే. ఒక పూటలో వెయ్యి మిల్లీగ్రాములు ఎక్కించవచ్చు, నాలుగైదు సీసాల రక్తంలో ఉన్న ఇనుముకు అది సమానం. మాత్రల్లా మలాన్ని నల్లబరచదు, కాబట్టి ఆ తర్వాత నల్లగా వచ్చిందంటే అది నెత్తురేనని అవ్వకూ తెలుస్తుంది. వలసపోయే ఇళ్లలో, బండెక్కే వారం ముందు ఒకసారి రక్తం చూపించి, తక్కువుంటే ఐరన్ ఎక్కించి, కవరులోని పాత రిపోర్టులన్నీ ఫోనులో ఫొటోలు తీసుకుని పోతే గుంటూరు నుంచైనా డాక్టరుకు చూపించవచ్చు.